పారలు కింద పెట్టమన్నది నేనే

లాల్‌దర్వాజా బోనాలు అయిపోయిన తర్వాత మూడో ఆదివారం, పొద్దున ఏడు గంటల నలభై నిమిషాలకు మా సంఘంలోని మేస్త్రీ భాయ్ చెయ్యి విరిగింది. మరో రెండు మూడు నిమిషాలకు నేను గడ్డపార ఎత్తాను. మొదటి టైము కచ్చితంగా ఎట్లా తెలుసంటే, అంతకు కొంచెం ముందే నేను గడియారం చూసుకున్నాను. పని చోట లొల్లి మొదలైతే ఎప్పుడు మొదలైందో రిజిస్టర్‌లో రాయాలి, అది మా సంఘం పద్ధతి. రెండోది అందాజుగా చెబుతున్నాను. అప్పుడు గడియారం చూసే తెలివి నాకు లేదు.

మాది బావులు, కుంటలు బాగుచేసే సంఘం. లాల్‌దర్వాజాలో మా గల్లీ చివరన చెత్తతో నిండిపోయిన బావి ఒకటుండేది. దాన్ని ఖాళీ చేయడంతో మొదలైంది. తర్వాత హుస్సేనీ ఆలంలో ఒక బావి, ఆ తర్వాత కంచన్‌బాగ్ దాటాక రాళ్లగుట్ట వెనుక ఉన్న కుంట. పాతబస్తీ నుంచి ఆ కుంట దాకా ఏడెనిమిది బస్తీల వాళ్లు మా సంఘంలో ఉన్నారు. పదేళ్ల పైన నేను దానికి అధ్యక్షుణ్ణి.

నన్ను ఎందుకు పెట్టారంటే నా గొంతు పెద్దది కాబట్టి. చదువు చూసి కాదు. నాకు చదువే లేదు. పదకొండేళ్ల వయసులో మా బాపు నన్ను కొలిమిలో పనికి పెట్టాడు. ఆ తర్వాత కంచన్‌బాగ్ వైపు ఇనుము కరిగించే చోట కాంట్రాక్టు కూలీగా ముప్పై ఏళ్లు చేశాను. అక్కడ మా మీద ఉన్న ఫోర్‌మన్ చేతిలో ఎప్పుడూ ఒక చువ్వ ఉండేది. దాంతో నేలను గీకేవాడు, ఆ చప్పుడుకే మేం పరుగెత్తేవాళ్లం. నాకు తెలిసిన పెద్దరికం అదొక్కటే. సంఘాన్ని నేను ప్రేమగా నడిపానని ఎవరైనా చెబితే నమ్మకండి. తిట్టి నడిపాను. ఆలస్యంగా వచ్చినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేసేవాణ్ణి. పూడిక తట్ట సగమే నింపిన మనిషి తట్టను తన్ని బోర్లించిన రోజులున్నాయి. జనం పడ్డారు. పని జరుగుతున్నది కదా అని పడ్డారు.

అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. మా సంఘం కార్యదర్శి టీచరమ్మ, సర్కారు బడిలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం చర్చి రెండో ప్రార్థనకు పోతుంది, మొదటి ప్రార్థన వేళ మాకు ఇస్తుంది. అధ్యక్షుడు వేలిముద్ర వేస్తుంటే ఆఫీసుల్లో నవ్వుతున్నారని ఆమెకు కోపం. పలక కాదు, హాజరు రిజిస్టరే నా ముందు పెట్టింది. కాబట్టి నేను నేర్చుకున్న మొదటి అక్షరాలు మా మనుషుల పేర్లు. అమ్మ, ఆవు నాకు తర్వాత వచ్చాయి.

ఇక మా కాయిదాలు, అంటే కట్టుబాట్లు, రెండు చెప్పాలి, అవి లేకపోతే ఆ రోజు అర్థం కాదు.

మొదటిది పారల కాయిదా. లాల్‌దర్వాజా బావి తోడేటప్పుడు మా వాళ్లిద్దరు పైన పోట్లాడుకుని, ఒకడు గడ్డపార విసిరాడు. అది బావిలో పడింది. లోపల మేస్త్రీ భాయ్ ఉన్నాడు. హుస్సేనీ ఆలం మనిషి, పాత ఇళ్లకు సున్నం గచ్చు పని చేసేవాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. గడ్డపార ఆయన భుజం తోలు లేపుకుంటూ పోయి బురదలో దిగింది. పైకి వచ్చి రక్తం తుడుచుకుంటూ, భాయ్, మీ వాళ్లకు లొల్లి చేసుకునే షౌకు ఉంటే ముందు చేతులు ఖాళీ చేసుకొమ్మనండి, అన్నాడు. ఆ రోజే కాయిదా పెట్టాను. మాట పెరిగితే పనిముట్లన్నీ ఒక్క చోట కుప్ప పెట్టాలి, తర్వాతే మాట్లాడాలి.

రెండోది చెయ్యి కాయిదా. చెయ్యి ఎత్తినవాడు సంఘంలో ఉండకూడదు, కుంట చుట్టూ మేం గీసిన సున్నం గీత దాటి లోపలికి రాకూడదు. ఆ గీత కుంట నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో చూపే హద్దు. ఏటా వానలకు ముందు కొత్తగా గీస్తాం. ఈ కాయిదా కింద బయటికి పోయినవాడు అప్పటికి ఒక్కడే. మా చెల్లె కొడుకు. ఆటో నడుపుతాడు, నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. రెండేళ్ల కింద కుంటలో మలబా, అంటే కూలగొట్టిన ఇళ్ల చెత్త, పోయడానికి వచ్చిన టిప్పర్ డ్రైవర్ వాణ్ణి తల్లి పేరు పెట్టి తిడితే చెంప మీద ఒకటి వేశాడు. మా చెల్లెను తిట్టినందుకే వేశాడు. అయినా నేను అందరి ముందూ వాడి పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేశాను. నా చేతితో, రెండు గీతలు పెట్టి కొట్టేశాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. సొంత మేనల్లుణ్ణి కూడా వదలలేదని బస్తీల్లో నా పేరు మోగింది. నాకు అది మస్తు నచ్చింది. దాచడం ఎందుకు.

వాడు రావడం మాత్రం మానలేదు. గుర్రపు డెక్క పీకే ఆడవాళ్లను ప్రతి ఆదివారం ఆటోలో తెచ్చి, గీత బయట ఆటో ఆపుకుని, పని అయిపోయే దాకా అక్కడే కూర్చునేవాడు. గీత మీద కాలు కూడా పెట్టేవాడు కాదు.

ఆ ఆదివారం ఏడుంబావుకే పని మొదలుపెట్టాం. మేం మగవాళ్లం నలుగురం, ఆడవాళ్లు నలుగురు, రిజిస్టర్‌తో టీచరమ్మ. కుంటలోకి వాన నీళ్లు తెచ్చే కాలువ నోరు తవ్వుతున్నాం. గుట్ట మీద పడ్డ చినుకంతా ఆ ఒక్క కాలువలోంచే కుంటలోకి రావాలి. దాన్ని మూస్తే కుంటకు ప్రాణం ఉండదు. అది మాకు తెలుసు, ఆ స్థలం మీద కన్నేసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అందుకే వాళ్లు కుంట జోలికి రాకుండా కాలువ నోట్లో మలబా పోయడం మొదలుపెట్టారు. రోడ్డు వెడల్పు కోసం పాతబస్తీలో పడగొట్టిన ఇళ్ల మలబా అది. మేస్త్రీ భాయ్ ఒక్కొక్కసారి ఒక పెచ్చు తీసి, వేలితో రాసి చూసి, ఇది ఫలానా గల్లీ ఇంటిది, ఈ గచ్చు మా మామూజాన్ చేసిందని చెప్పేవాడు. చెప్పి తట్టలో వేసుకుని బయటికి మోసేవాడు.

ఏడున్నరకు రెండు టిప్పర్లు వచ్చాయి. వెనకాల రెండు బండ్ల మీద నలుగురు. అందులో తెల్లచొక్కా మనిషి ఒకడు. ప్లాట్లు అమ్మే దళారి, మాకు అంతకు ముందు తెలిసినవాడే. మిగతా ముగ్గురు వాడి మనుషులు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అది నేను చూశాను. చూసి ధైర్యపడ్డాను.

తెల్లచొక్కా వాడు నవ్వుకుంటూనే వచ్చాడు.

"ఓ పెద్దమనిషీ, మీ కుంట మీరు చేసుకోండ్రి, ఎవరొద్దన్నరు? గీ కాలువ జాగ మాత్రం మా పట్టా."

"కాలువ లేని కుంట ఏందిరా, అది బొంద. నిన్ను పెట్టనీకె పనికొస్తది," అన్నాను.

మా ఆడవాళ్లు నవ్వారు. వాడు నవ్వడం ఆపాడు. మా వాడొకడు పార భుజం మీదికి ఎత్తుకుని ముందుకు పోయాడు. అప్పుడు నేను గడియారం చూసి, గట్టిగా అరిచాను. పారలు కింద పెట్టుండ్రి, అని.

ఎవరూ కదల్లేదు. గుర్రపు డెక్క పీకేవాళ్లలో పెద్దక్క, ఆమె నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి, "బాపు, ఇయ్యాల వద్దు. వాళ్ల సూపు మంచిగ లేదు," అన్నది. నేను ఆమెను తిట్టాను. ఏమని తిట్టానో రాయను. అందరూ పారలు, గడ్డపారలు తెచ్చి సున్నం గీత పక్కన కుప్ప పెట్టారు. టీచరమ్మ రిజిస్టర్‌లో ఏడు ముప్పై ఎనిమిది అని రాసింది. పనిముట్లు పెట్టి అందరం నాలుగడుగులు వెనక్కి జరిగాం, కాయిదా ప్రకారమే. అట్లా జరిగితే కుప్ప మాకంటే వాళ్లకు దగ్గరైంది. ఎన్నిసార్లు పారలు కింద పెట్టామో ఆ పదేళ్లలో, ఆ సంగతి ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఎందుకంటే మా లొల్లులన్నీ మాలో మాకే. అవతలివాడు వంగి తీసుకుంటాడని ఎవరనుకుంటారు?

ముగ్గురూ వంగి తీసుకున్నారు.

మేస్త్రీ భాయ్ కాలువ నోట్లో, టిప్పర్‌కు అడ్డంగా నిలబడి ఉన్నాడు. మొదటివాడు పార వెనుక వైపుతో వీపు మీద కొట్టాడు. భాయ్ ముందుకు తూలి నిలదొక్కుకున్నాడు. రెండోవాడు తల మీదికి ఎత్తాడు. భాయ్ కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన తుమ్మ కట్టె విరిస్తే వచ్చే చప్పుడు వచ్చింది. అంత పెద్ద చప్పుడు ఒక మనిషి ఒంట్లోంచి వస్తుందని నాకు తెలియదు, కొలిమి దగ్గర ముప్పై ఏళ్లు చేసినా. చెయ్యి మోచేతికీ మణికట్టుకూ మధ్య ఇంకో కీలు ఉన్నట్టు వేలాడింది. పడ్డాక కూడా కొట్టారు. కాళ్ల మీద, నడుము మీద. మా పారలతోనే. ఒక పారకు పిడి నేను వేసిందే.

ఆడవాళ్లు బురద బురదగా ఉన్న గుర్రపు డెక్కను వాళ్ల ముఖాలకేసి కొట్టారు. పెద్దక్క ఒకడి జుట్టు పట్టుకుంది. వాడు ఆమెను పొట్టలో తన్నాడు. నేను ఉరికితే ఎవడో నా దవడ మీద గుద్దాడు. పన్ను ఊడింది. నోరంతా ఉప్పగా అయింది. కింద పడి లేస్తుంటే గీత బయట నుంచి మా మేనల్లుడి గొంతు వినబడింది.

"మామా, దాటాల్నా వద్దా?"

అక్కడ మనుషులు చస్తున్నారు, వాడు నన్ను అడుగుతున్నాడు. రెండేళ్లుగా నేను నేర్పింది అదే. నేను వాడికి జవాబు చెప్పలేదు. నా కళ్ల ముందు మట్టిలో ఒక గడ్డపార ఉంది, నేను దాన్నే చూస్తున్నాను.

అప్పుడే మొదటి టిప్పర్ తొట్టి పైకి లేచింది. మలబా జారి, సున్నం దుమ్ము లేచి ఎవరికెవరూ కనబడలేదు. తొట్టి తలుపు పట్టేస్తే డ్రైవర్ దిగి వెనక్కి వచ్చాడు. కొక్కెం గుంజుతున్నాడు. నాకు వీపు పెట్టి ఉన్నాడు. వాడు ఎవరినీ కొట్టలేదు. పార ముట్టుకోలేదు. అది నాకు అప్పుడూ తెలుసు. కొట్టినవాళ్లు పది అడుగుల అవతల ఉన్నారు, వీడు దగ్గరున్నాడు. అంతే. గడ్డపార రెండు చేతులతో ఎత్తి మోకాలి వెనుక కొట్టాను. వాడు ముఖం కింద పెట్టి మలబా మీద పడ్డాడు. రెండోసారి ఎత్తాను. వాడు "ఓ అవ్వా" అన్నాడు. మా పాలమూరు వైపు యాస. మా అవ్వ పోయినప్పుడు నేను అట్లాగే అన్నాను. చెయ్యి దిగింది. కొట్టకుండానే దిగింది. అయితే అది రెండోసారి. మొదటిసారి కొట్టాను.

దుమ్ము తగ్గేసరికి తెల్లచొక్కా వాడూ, వాడి మనుషులూ బండ్లెక్కారు. రెండో టిప్పర్ వెనక్కి తిరిగిపోయింది. గడ్డపార నా చేతిలోనే ఉంది. నన్ను చూసినవాళ్లు ముగ్గురు. పెద్దక్క పొట్ట పట్టుకుని చూసింది, టీచరమ్మ చూసింది, గీత బయట ఆటో పక్కన చేతులు కట్టుకుని నిలబడి మా మేనల్లుడు చూశాడు.

వాడే ఆటో తెచ్చాడు. నేను రమ్మంటేనే గీత దాటాడు. మేస్త్రీ భాయ్‌ని ఎక్కించాక కింద పడి ఉన్న డ్రైవర్ వైపు చూసి, వీణ్ని కూడా, అన్నాడు. ఇద్దరినీ ఒకే ఆటోలో, ఒకరి కాళ్లు ఒకరి ఒళ్లో పెట్టి తీసుకుపోయాడు. దారి పొడవునా మేస్త్రీ భాయ్ మంచి చేత్తో ఆ డ్రైవర్ తల జారకుండా పట్టుకున్నాడని తర్వాత విన్నాను.

ఆసుపత్రిలో పదకొండయింది. మేస్త్రీ భాయ్‌ని లోపలికి తీసుకుపోయారు. డ్రైవర్ తనను ఎవరు కొట్టారో చూడలేదని, వెనకనుంచి ఎవరో కొట్టారని చెప్పాడట. తెల్లచొక్కా వాడు అప్పటికే స్టేషన్‌లో కూర్చుని, మావోళ్లు ఉత్త చేతులతో పోయిన్రు, వీళ్లే గడ్డపారలు పట్టుకొచ్చి కొట్టిన్రు అని రాయిస్తున్నాడు. ఉత్త చేతులతో పోయారన్నది నిజమే. అందుకే అది అంత బలంగా ఉంది.

మా మేనల్లుడు నన్నూ టీచరమ్మనూ మెట్ల కిందికి పిలిచాడు.

"మామా, నేను కొట్టిన అని రాయిస్త. నన్ను ఎట్లయినా సంఘంలకెల్లి తీసేసిన్రు గదా, పొయ్యేదేముంది? పాత లొల్లి ఉంది, అందరు నమ్ముతరు. నువ్వు పోతే మాత్రం కాలువ పోతది."

టీచరమ్మ గోడ వైపు తిరిగింది. వద్దనలేదు. నేను ఏమన్నానో రాయాలి కాబట్టి రాస్తున్నాను. "పైలంగ పో," అన్నాను. జాగ్రత్తగా పొమ్మన్నాను, అంతే.

వాడు ఆటో తీసుకుని ఒక్కడే స్టేషన్‌కు బయలుదేరాడు. సగం దారిలో తెల్లచొక్కా మనుషులు ఆటోను అడ్డగించి, బయటికి గుంజి కొట్టారు. నడిరోడ్డు మీద, మధ్యాహ్నం, అందరూ చూస్తుండగా. తలను ఆటో రాడ్డుకేసి కొట్టారు. జనం విడిపించారు. వాడు లేచి, చెవిలోంచి రక్తం కారుతుంటే అట్లాగే నడుచుకుంటూ స్టేషన్‌కు పోయి, నేనే కొట్టానని చెప్పాడు. పోలీసులు కట్టు కట్టించి కూర్చోబెట్టారు.

నాకు నాలుగింటికి తెలిసింది. స్టేషన్ గల్లీ దాకా పోయాను. మూల మీద ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ తాగాను. ఊడిన పన్ను చోట చాయ్ తగిలి మండింది. లేచి ఇంటికి వచ్చాను. ఆ రాత్రి పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది. అది చెప్పకపోతే ఈ రాతంతా అబద్ధం.

సోమవారం పొద్దున మా చెల్లె వచ్చింది. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది, నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. గుమ్మంలో చెప్పులు విడవలేదు. చాపేస్తే కూర్చోలేదు.

"అన్నా, గాడు కొట్టలేదని నీకు ఎర్కనేనా?"

"ఎర్కే."

"మరి?"

నేను కుంట గురించి చెప్పాను. కాలువ పోతే ఎన్నేళ్ల కష్టం పోతుందో, ఎన్ని బస్తీల బోర్లు ఎండిపోతాయో చెప్పాను. ఆఫీసుల్లో మాట్లాడే గొంతుతో చెప్పాను. ఆమె మొత్తం విన్నది. తర్వాత నా చెంప మీద కొట్టింది. ఊడిన పన్ను వైపే. బలంగా. గల్లీలో నల్లా దగ్గర నిలబడ్డవాళ్లందరూ చూశారు. "గాడికి ఎడమ చెవు ఇనబడ్తలేదు," అని చెప్పి వెళ్లిపోయింది.

నేను టీచరమ్మ ఇంటికి పోయాను. తెల్ల కాగితం అడిగాను. ఆమెకు అర్థమైంది. పదేళ్లుగా నాతో పనిచేసిన మనిషి, నా ముఖం చూస్తే తెలుస్తుంది.

"బాపు, ఆలోచించండి. సంఘం అధ్యక్షుడే మనిషిని ఎనకనుంచి కొట్టిండని ఊరంత మోగిస్తరు. మేస్త్రీ భాయ్‌ని కొట్టిన్రని మనం పెట్టిన కేసుకు ఇలువ ఉంటదా?"

ఆమె చెప్పింది నిజం. పైగా ఆ పొద్దునే వాళ్లు రాజీ మాట పంపారట. ఇద్దరూ కేసులు వాపసు తీసుకుందాం, కాలువ వదిలేస్తే కుంట మీకే, పిల్లగాడు సాయంత్రానికి ఇంటికి వస్తాడు, అని. మా సంఘంలో సగం మంది దానికి ఒప్పుకునేటట్టున్నారని చెప్పింది. మిగతా సగం, మేనల్లుడే ఒప్పుకున్నాక ఇంకేం ఫికర్, అతణ్ణి బెయిల్ మీద తెద్దాం, పెద్దాయన ఉండాలి, అంటున్నారు. నేను లేకపోతే సంఘం నడవదని వాళ్లకు భయం. ఆ భయం పెట్టింది నేనే. తట్టలు తన్ని, తిట్టి, ప్రతిదీ నేను చెప్తేనే జరిగేటట్టు చేసి పెట్టాను. ఇప్పుడు నా కింద ఒక మనిషి నలుగుతుంటే కూడా వాళ్లు నన్నే మోస్తామంటున్నారు.

రిజిస్టర్ తెమ్మన్నాను. సభ్యుల పేర్ల పట్టీలో మొదటి పేరు నాది. దాన్ని రెండు గీతలు పెట్టి కొట్టేశాను. పక్కన తారీకు వేసి, చెయ్యి ఎత్తినందుకు అని రాశాను. కాయిదా అందరికీ ఒకటే. తర్వాత కాగితం తీసుకున్నాను. నేను రాసిపెడతాను, మీరు సంతకం చేయండి అని టీచరమ్మ రెండుసార్లు అడిగింది. ఇవ్వలేదు. ఒకటిన్నర పేజీ రాయడానికి నాకు పొద్దంతా పట్టింది. ఒత్తులు తప్పు పోయిన చోట ఆమె చెప్పబోతే కూడా వద్దన్నాను. తప్పులతోనే పోనీ అన్నాను. ఎవరు రాశారో చూసినవాడికి తెలియాలి.

అందులో ముందు రాసింది ఇదీ. పారలు కింద పెట్టమన్నది నేనే. మా వాళ్లు పెట్టారు. ఆ పారలే ఎత్తుకుని వాళ్లు మేస్త్రీ చెయ్యి విరగ్గొట్టారు. తర్వాత రాసింది, డ్రైవర్‌ను వెనక నుంచి గడ్డపారతో కొట్టింది నేను, అతను మమ్మల్ని ఎవరినీ కొట్టలేదు. మూడోది, కొట్లాట అయ్యే దాకా మా మేనల్లుడు గీత దాటలేదు, దాటాలా అని అడిగాడు, నేను జవాబివ్వలేదు.

స్టేషన్‌లో ఎస్సై కాగితం రెండుసార్లు చదివాడు. తెల్లచొక్కా వాడు అక్కడే కుర్చీలో ఉన్నాడు, రాజీ కాగితం ముందు పెట్టుకుని.

"ఇది నువ్వే రాసినవా? ఇచ్చినంక వాపసు రాదు, తెలుస్తుందా?"

"వాపసు తీసుకునేటోన్ని అయితే ఇంత కష్టపడి ఎందుకు రాస్త సార్, నోటితో చెప్పేటోన్ని," అన్నాను.

తెల్లచొక్కా వాడి రాజీ కాగితం ఆ క్షణాన పనికిరాకుండా పోయింది. వాడు బేరం పెట్టింది మా మేనల్లుణ్ణి లోపల పెట్టుకుని. మేనల్లుడు లోపల లేకపోతే బేరం లేదు. టీచరమ్మ రిజిస్టర్‌లో ఏడు ముప్పై ఎనిమిది అని రాసిన పేజీ కూడా నా కాగితంతో పాటు కేసులోకి పోయింది. పనిముట్లు కింద పెట్టిన టైము అది. సాయంత్రం మా మేనల్లుణ్ణి వదిలిపెట్టారు, నన్ను ఉంచుకున్నారు. గేటు దగ్గర ఎదురుపడ్డాం. చెవికి దూది ఉంది. నేను ఏదో అన్నాను. ఎడమ వైపు నుంచి అన్నాను. వాడికి వినబడలేదో, విననట్టు పోయాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

నేను కొన్నాళ్లు లోపల ఉండి బెయిల్ మీద వచ్చాను. రెండు కేసులూ నడుస్తున్నాయి, నా మీదిదీ, వాళ్ల మీదిదీ. అవి తేలే దాకా కాలువ దగ్గరికి ఎవరూ మలబా తేకూడదని కోర్టు చెప్పింది. అక్కడ పోసిన టిప్పర్ మలబాను మా వాళ్లు, ఇంకా మా వాళ్లు అనే అంటున్నాను, తట్టలతో తీసేశారు. బతుకమ్మకు ముందు ఒక పెద్ద వాన పడింది. కుంటలో నీళ్లు నడుము లోతు కూడా రాలేదు. అయినా వచ్చాయి.

మేస్త్రీ భాయ్ చెయ్యి వంకరగా అతుక్కుంది. సున్నం గచ్చు పని ఇక చేయలేడు. ఇప్పుడు అధ్యక్షుడు ఆయనే. ఎవర్నీ తిట్టడు. పని కొంచెం మెల్లగా నడుస్తుంది, మనుషులు మాత్రం ఎక్కువ వస్తున్నారు. పారల కాయిదా తీసేయలేదు. కుప్ప పెట్టాక దాని చుట్టూ నిలబడాలి, వెనక్కి జరగకూడదు అని ఒక్క మాట కలిపాడు. పదేళ్లలో నాకు తట్టనిది అదే. నేను బెయిల్ మీద వచ్చాక ఆయన్ను చూడటానికి హుస్సేనీ ఆలం పోతే, చాయ్ తెప్పించి, వంకర చేత్తో సాసర్ నా వైపు జరిపి, "కొట్టేది ఉంటే కొట్టినోన్ని కొట్టాలె గదా భాయ్. గా డ్రైవర్ గరీబోడు. ఆటోల నా తొడ కరిచి పట్టుకుండు నొప్పికి," అన్నాడు.

డ్రైవర్ ఇంటికి రెండుసార్లు పోయాను. మొదటిసారి అతని భార్య తలుపు వేసింది. రెండోసారి అతనే కర్ర సాయంతో వచ్చి, ఎందుకు కొట్టినవ్ నన్ను, అని అడిగాడు. దగ్గరున్నవ్ కాబట్టి, అన్నాను. ఉమ్మేసి లోపలికి పోయాడు.

నేను ఆదివారాలు పోతాను. గీత బయట నిలబడతాను. చాయ్ కాచి ఇస్తాను, వాళ్లు వచ్చి తీసుకుంటారు. మా మేనల్లుడి పేరు మళ్లీ పట్టీలో రాశారు. వాడు ఒక్క ఆదివారం వచ్చాడు, తర్వాత రాలేదు. ఆడవాళ్లను మెయిన్‌రోడ్డు మీద దింపి తిరిగిపోతాడు. నాతో మాట్లాడడు.

పోలీసు కాగితం చివర ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లందరి పేర్లూ రాశాను. పేర్లు రాయడం నాకు బాగా వచ్చు, హాజరు పట్టీ మీద నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ పేర్లు పెట్టను, కానీ ఎవరినీ వదలను. కాలువ నోట్లో నిలబడ్డ మేస్త్రీ భాయ్. రిజిస్టర్ పట్టుకున్న టీచరమ్మ. పార భుజాన వేసుకుని ముందుకు పోయిన తాపీ మనిషి. ఛత్రినాక నుంచి వచ్చే పాలాయన, వీపు మీద రెండు దెబ్బలు తిన్నాడు. వద్దు బాపు అన్న పెద్దక్క, ఆమె తోడికోడలు, పక్కింటి విధవరాలు, ఇటుకల బట్టీలో పనిచేసి వచ్చిన మూగామె. తెల్లచొక్కా దళారి. వాడి మనుషులు ముగ్గురు, అందులో ఒకడి ముఖం నాకు సరిగ్గా తెలియదు. రెండో టిప్పర్ డ్రైవర్, దిగకుండానే పోయినవాడు. మొదటి టిప్పర్ డ్రైవర్, మోకాలు పోయినవాడు. అతణ్ణి కొట్టిన నేను. సున్నం గీత బయట, ఆటో పక్కన, చేతులు కట్టుకుని మా చెల్లె కొడుకు.